ఆ వీధిలో మానేసిన ఆవిడ

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి దయాసాగర్ ఇడ్లీ తింటూ ఆ రోజు కార్యక్రమాన్ని భార్య దీనాకి వివరించాడు. తొమ్మిదిన్నరకి అప్పలకొండమ్మ వస్తుంది. పావుగంటలో ఆమె మనసు మారుతుంది. పదింటికి ఆ సంగతి అతను రిజిస్టర్‌లో రాసుకుంటాడు.

"ఆర్నెల్ల నుంచి మారని మనసు పావుగంటలో ఎలా మారుతుందండీ?" అంది దీనా. ఆమె ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెబుతుంది. ఏ సంగతైనా ఎక్కడో ఒకచోట సరిపోవాలనుకునే మనిషి.

"ఇన్నాళ్ళూ నేను చేసింది తప్పు పద్ధతి. భయపెట్టడం. భయపెడితే మనిషి చెవులు మూసుకుంటాడు కానీ నోరు మూసుకోడు. అసలు మనిషి మన మాట వినడు, పక్కింటివాణ్ణి చూస్తాడు. అదీ సూత్రం."

ఈ సూత్రం అతనికి కిందటి వారమే విశాఖపట్నంలో దొరికింది. దురలవాట్లు మాన్పించే కౌన్సెలర్లకి రెండు రోజుల శిక్షణ పెట్టి, సామాజిక మనస్తత్వ శాస్త్రం మీద పాఠాలు చెప్పి, మధ్యాహ్నం బిరియానీ పెట్టి పంపారు. దయాసాగర్ బిరియానీ మాట ఎత్తకుండా పాఠం ఒక్కటే గుర్తుపెట్టుకుని వచ్చిన నిఖార్సైన ఉద్యోగి.

అతని ఉద్యోగం నర్సీపట్నంలో, అబీద్ సెంటర్‌కి రెండు సందుల అవతల, ఒక ట్రస్టు నడిపే చిన్న పళ్ళ ఆసుపత్రిలో. డాక్టర్ రోజారమణి పళ్ళు చూస్తుంది. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటున్నవాళ్ళని పక్కనున్న దయాసాగర్ దగ్గరికి పంపుతుంది. వచ్చేవాళ్ళలో ఎక్కువమంది అడ్డచుట్ట కాల్చే ఆడవాళ్ళు. అడ్డచుట్ట అంటే నిప్పున్న కొసని నోట్లో పెట్టుకుని కాల్చడం. గాలికి ఆరిపోదు, పనికి అడ్డం రాదు, ఎదురుగా అత్తగారున్నా సగం సంగతి నోట్లోనే ఉంటుంది. అంగిలి మాత్రం కాలిపోతుంది.

అప్పలకొండమ్మ అంగిలి మీద తెల్లటి మచ్చ ఉంది. ఇప్పుడు మానేస్తే తగ్గే అవకాశం ఉందనీ, మానకపోతే కేన్సర్‌లోకి దిగొచ్చనీ డాక్టరమ్మ దయాసాగర్‌తో విడిగా చెప్పింది. ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. అరవై నాలుగేళ్ళ ఆ మనిషి, జీడిపిక్కల షెడ్డు వెనక వీధి నుంచి ప్రతి సోమవారం నడిచి వస్తుంది, అతను చెప్పిందంతా వింటుంది, "అలాగే బాబూ" అంటుంది, ఆసుపత్రి గోడ వెనక్కి వెళ్ళి చుట్ట వెలిగిస్తుంది.

కొత్త పద్ధతికి కావలసింది మానేసినవాళ్ళ లెక్క. ఆదివారం చర్చి నుంచి వచ్చాక దయాసాగర్ రిజిస్టరంతా తిరగేశాడు. అడ్డచుట్ట ఆడవాళ్ళు నలభై ఒక్కమంది. మానేసినవాళ్ళు ఇద్దరు. అందులో ఒకావిడ చనిపోయింది కాబట్టి మానేసింది. రెండో పేరు అప్పలరాజు అనే మగమనిషిది, పొరపాటున ఆడవాళ్ళ పట్టికలోకి ఎక్కింది. అంచేత అంకెలు వదిలేసి, "చాలామంది మానేస్తున్నారు" అని ఊరికే అందామనుకున్నాడు.

తొమ్మిదిన్నరకి అప్పలకొండమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంది.

"ఇవాళ మిమ్మల్ని భయపెట్టనండి," అన్నాడు.

"ఏం బాబూ, ఒంట్లో బాగోనేదేటి?"

"బాగానే ఉంది. ఒక మంచి మాట చెబుదామని. ఈ మధ్య చాలామంది మానేస్తున్నారమ్మా."

"ఎక్కడ?"

"ఇక్కడే, చుట్టుపక్కల."

"సుట్టుపక్కలంటే ఎక్కడ బాబూ? మాకవరపాలెమా?"

"ఇంకా దగ్గర."

"మా ఈధా?" అని అప్పలకొండమ్మ కళ్ళు పెద్దవి చేసింది.

ఆర్నెల్లలో ఆ ముఖంలో అతను చూసిన మొదటి ఆసక్తి అది. దాన్ని చూడగానే అతని నాలుక అతన్ని అడక్కుండానే ముందుకెళ్ళింది. "మీ వీధే. మీ వయసావిడే. నలభై ఏళ్ళ అలవాటు. పూర్తిగా మానేసింది."

"ఎవలు బాబూ?"

"పేరు చెప్పకూడదమ్మా. మాకు రూలు."

అప్పలకొండమ్మ అతని ముఖంలోకి చాలాసేపు చూసింది. ఏదో అనబోయి ఆగింది. "అలాగే బాబూ," అని లేచి వెళ్ళిపోయింది.

దయాసాగర్ గదికి తలుపు లేదు, పచ్చ కర్టెన్ ఉంది. కర్టెన్ అవతల బెంచీ మీద పన్ను నొప్పితో లోవలక్ష్మి కూర్చుని ఉంది. ఆమెదీ జీడిపిక్కల షెడ్డు వెనక వీధే. పన్ను పీకించుకున్నాక గంటసేపు నోరు తెరవొద్దని డాక్టరమ్మ చెప్పింది. లోవలక్ష్మి సరిగ్గా గంట ఆగింది.

మధ్యాహ్నం మూడింటికి ఆసుపత్రి ముందు ఆటో ఒకటి గట్టిగా బ్రేకేసి ఆగింది. అందులోంచి దిగినవాడు అదే వీధిలో ఉండే ఆటో డ్రైవరు వాసు.

"మీరేనా కౌన్సిలింగు బాబు? మా అమ్మ అడ్డసుట్ట కాలుస్తాదని ఈధంతా సెప్పీసారంట?"

"మీ అమ్మగారు ఎవరండీ?"

"కామమ్మ. నాకు పెళ్ళయి పందొమ్మిదేళ్ళయింది. నా పెళ్ళానికి ఇన్నాళ్ళూ తెల్దు. పెరట్లో కాల్చుకునీది, నాను సూసీసూడనట్టు ఊరుకునీవోణ్ణి. ఈమజ్జిన పళ్ళసెట్టు ఏయించుకుంది, కొత్త సెట్టు కాలిపోద్దని నాల్రోజులు మానీసింది. మానీసినామె ఈమేనని అందరూ తేల్చీసారు. ఇంట్లో నా పెళ్ళాం అన్నం మానీసింది!"

"అయ్యో, నేను చెప్పింది ఆవిడ గురించి కాదండీ."

"ఒట్టా?"

"ఒట్టు," అన్నాడు దయాసాగర్. అది నిజమే కాబట్టి చాలా ధైర్యంగా అన్నాడు.

"అయితే ఎవలు?"

"చెప్పకూడదు."

వాసు ఆటోలో వెళ్ళి, వాళ్ళమ్మ కాదని కౌన్సెలర్ బాబు ఒట్టేశాడని వీధి మొదట్లోంచి చివరిదాకా చెప్పుకుంటూ పోయాడు. దాంతో కాదనిపించుకోవడానికి ఒక దారుందని వీధికి తెలిసిపోయింది. మంగళవారం లోవలక్ష్మి స్వయంగా వచ్చింది. తన పేరు వినబడుతోందనీ, కోడలి పురుడుకి వియ్యాలవారు వచ్చే సమయమనీ, తను కాదని ఒక మాట చెప్పాలనీ అడిగింది. ఆమె చుట్ట మానలేదు గనక, అది కూడా నిజమే గనక, కాదన్నాడు. బుధవారం నలుగురు వచ్చారు. గురువారం ఆరుగురు. ఒకామెకి కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టిచ్చాడు. వచ్చినవాళ్ళందరినీ ఒక నిజంతో సంతోషపెట్టి పంపుతున్నానన్న తృప్తిలో, ఒక్కొక్కళ్ళని తీసేస్తూపోతే ఆఖరికి ఎవరో ఒకరు మిగులుతారన్న సంగతి అతనికి తోచలేదు.

మిగిలింది రాజేశ్వరిగారు. శుక్రవారం ఉదయం మడత గొడుగుతో కర్టెన్ పక్కకి తోసుకుని లోపలికి వచ్చింది. హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై ఆ వీధి మలుపులో ఇల్లు కట్టుకుంది. ఆమె నోట్లో ఏలకుల వాసన తప్ప ఇంకో వాసన ఎవరూ ఎరగరు.

"పొద్దున్న పాలవాడు నన్ను మెచ్చుకున్నాడు," అంది ఆమె. "ఎందుకో తెలుసా? నలభై ఏళ్ళ చుట్ట మానేసినందుకు!"

దయాసాగర్ లేచి నిలబడ్డాడు. "మీరు కాదు మేడమ్. మీరు కాదని ఇప్పుడే రాసిస్తాను."

"నేను కూడా కాదని రాసిస్తే ఇక ఎవరూ మిగలరు. నువ్వు అబద్ధమైనా ఆడుండాలి, నేను చుట్టైనా కాల్చుండాలి. ఏది ఖాయం చెయ్యమంటావు?"

అతను నోరు తెరిచేలోపు ఆమె డాక్టర్ రోజారమణి గదిలోకి వెళ్ళిపోయింది. పావుగంట ఆమె గొంతు వినిపిస్తూనే ఉంది. ఉద్యోగం పోయిందనుకుని దయాసాగర్ సొరుగులోంచి తన పెన్నులు తీసి జేబులో పెట్టుకున్నాడు. డాక్టరమ్మ వచ్చింది. ముఖం వెలిగిపోతోంది.

"దయా! ఒకావిడ మానేసిందా? నాకు చెప్పకుండా దాచావేంటయ్యా!"

"మేడమ్, అది..."

"రాజేశ్వరిగారిని నేను సముదాయించానులే. నువ్వు ఇది విను. ట్రస్టు నుంచి మన్మథరావుగారు మన పని చూడ్డానికి మూడు వారాల్లో వస్తున్నారు. చూపించడానికి ఏముందిరా దేవుడా అని నాకు నిద్ర పట్టడం లేదు. ఈ గది ఉంచాలో తీసేయాలో ఆయన తేలుస్తారు. ఆవిడని స్టేజి మీద కూర్చోబెడదాం. శాలువా, స్టీలు ఫ్లాస్కు, పేపర్లో ఫోటో."

దయాసాగర్ ఏదో చెప్పబోయాడు. గది తీసేస్తే ఆ నలభై ఒక్కమందితో మాట్లాడేవాళ్ళెవరూ ఉండరు. పెన్నులు మళ్ళీ సొరుగులో పెట్టేశాడు.

కర్టెన్ అవతల ఆ వేళ కూడా ఎవరో కూర్చునే ఉన్నారు. మర్నాటికల్లా వీధిలో గాలి ఎదురు తిరిగింది. మొదట లోవలక్ష్మి వచ్చింది.

"బాబూ, మంగళారం నాను కాదని సెప్పావు గదా. అది కొట్టీ. నానే."

"మీరు మానలేదు కదమ్మా!"

"ఫ్లాస్కిచ్చీనాటికి మానెత్తాను. మా కోడలు పురిటిమనిసి, ఏణ్ణీళ్ళకి పనికొస్తాది."

ఆమె వెనకే కామమ్మ వచ్చింది. కోడలికి ఎలాగూ తెలిసిపోయింది గనక, కనీసం మానేసిన మనిషిగా తెలియడం మేలని ఆమె వాదన. సంతకం పెట్టించుకున్నావిడ ఆ కాగితం తిరిగి ఇచ్చేసింది. మొత్తం పదకొండుమంది, ఆ మానేసిన ఆవిడ తామేనని పేర్లు ఇచ్చారు. రానిది అప్పలకొండమ్మ ఒక్కతే. ఆమె సోమవారాలు వచ్చి, కూర్చుని, "అలాగే బాబూ" అని వెళ్ళిపోతోంది. దయాసాగర్‌కి పదకొండుమంది గొడవలో ఆమెతో మాట్లాడే తీరికే లేకపోయింది. ఆ పద్ధతి ఆమె మీద పనిచెయ్యలేదని రిజిస్టర్‌లో రాసేశాడు.

ఒకరి మాట ఒకరు నమ్మని పదకొండుమంది ఒక పరీక్ష కనిపెట్టారు. రోజూ పొద్దున్న షెడ్డుకి వెళ్ళే ముందు ఆసుపత్రి బెంచీ దగ్గర వరసగా నిలబడి నోళ్ళు తెరుస్తారు. వాసన చూసి తేల్చవలసినవాడు దయాసాగర్.

"కామమ్మొదినా, గట్టిగా ఊదు. ముక్కుతో ఊదితే ఎలాగ?" అనేది లోవలక్ష్మి.

"ఊదితే పళ్ళసెట్టు వచ్చెత్తాదే!"

"సూసావా బాబూ? సాకు!"

మొదటి వారం అందరి దగ్గరా చుట్ట వాసనే. దయాసాగర్ ఇంట్లో ఇడ్లీ మానేశాడు. రెండో వారం నడుమ వాసన తగ్గసాగింది. మూడో వారానికి పదకొండు నోళ్ళలో తొమ్మిది నిజంగా శుభ్రంగా ఉన్నాయి. పాఠంలో చెప్పిన బహుమతి ప్రభావం, నలుగురి ఎదుట ఇచ్చిన మాట ప్రభావం రెండూ కలిసి పనిచేస్తున్నాయని అతను ఆనందపడ్డాడు. ఆ ఆనందం బుధవారం దాకా నిలిచింది. బుధవారం కామమ్మ అందరి తరఫునా మాట్లాడింది.

"బాబూ, శాలువా ఒకర్తికేనంట గదా. ఎవలి పేరు సెప్పినా మిగతావోళ్ళం మళ్ళీ ఎలిగించీత్తాం. ముందే సెప్తన్నాం."

ఆ సాయంత్రం దయాసాగర్ దీనాతో మొదటిసారి అంతా చెప్పాడు. ఆమె పరీక్ష పేపర్లు దిద్దుతూనే వింది.

"ఎవరి పేరు చెప్పినా అది రెండో అబద్ధం అవుతుంది," అంది. "మొదటిదాన్ని సరిచెయ్యకుండా రెండోది వేస్తే లెక్క సరిపోదండీ."

"నిజం చెబితే గది పోతుంది. వాళ్ళందరూ మళ్ళీ మొదలుపెడతారు."

"మొదలుపెట్టొచ్చు. కానీ మీరు ఇంకోసారి చెప్పినప్పుడు నమ్మడానికి ఏదైనా మిగలాలి కదా."

శుక్రవారం ఆసుపత్రి ఆవరణలో షామియానా వేశారు. మన్మథరావుగారు పదకొండింటికి కారు దిగాడు. లావుపాటి కళ్ళజోడు, చేతిలో ఫైలు, నవ్వని ముఖం. ముందు వరసలో పదకొండుమంది ఉతికిన చీరలతో, ఒకరినొకరు ఓరగా చూసుకుంటూ కూర్చున్నారు. రాజేశ్వరిగారు గొడుగు ఒళ్ళో పెట్టుకుని పక్కన కూర్చుంది. అప్పలకొండమ్మ ఎక్కడో చివర, స్తంభానికి ఆనుకుని నిలబడింది. బల్ల మీద శాలువా, ఫ్లాస్కు తళతళలాడుతున్నాయి.

"ఇప్పుడు మన దయాసాగర్ ఆ ఆదర్శ మహిళ ఎవరో చెబుతాడు," అంది డాక్టర్ రోజారమణి.

దయాసాగర్ మైకు పట్టుకున్నాడు.

"అలాంటి ఆవిడ లేరండి. నేను అబద్ధం చెప్పాను. ఒక పెద్దావిడకి మచ్చ ఉంది. మానకపోతే ఏమవుతుందోనని నాకు భయం. మీ వీధిలో ఒకరు మానేశారంటే ఆవిడా మానేస్తారని అన్నాను. దానివల్ల కామమ్మగారింట్లో గొడవైంది. రాజేశ్వరి మేడమ్‌కి అవమానమైంది. అందరూ క్షమించాలి."

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. మన్మథరావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. లోవలక్ష్మి ఫ్లాస్కు వైపు చూసి నిట్టూర్చింది.

అప్పుడు స్తంభం దగ్గర్నుంచి ఒక గొంతు వినిపించింది. "నేదని నాకు తెల్దేటి?"

అందరూ వెనక్కి తిరిగారు. అప్పలకొండమ్మ మెల్లగా ముందుకొచ్చింది.

"ఆ సోమారమే తెలుసు బాబూ. మా ఈధిలో ఆడోళ్ళు కాల్చీ సుట్టలన్నీ సుట్టీది నానే. షెడ్డు పని అయ్యాక రోజూ పొగాకు ముందేసుకుని కూకుంటాను. ఎవలు ఎన్ని కాలుస్తారో వోళ్ళ మొగుళ్ళకంటే నాకే బాగా తెలుసు. ఒకర్తి మానీస్తే నాకు తెల్దా?"

"మరి ఆ రోజే ఎందుకు అనలేదమ్మా?" అన్నాడు దయాసాగర్.

"ఎలా అంటాను? ఆర్నెల్ల నుంచి గొంతు పోయీలా సెప్పావు. ఒక్క అబద్ధం ఆడి ఎరగవు. అలాంటోడివి ఆడాల్సొచ్చిందంటే నా మూలంగా ఎంత ఇబ్బంది పడిపోతన్నావో అని జాలేసింది. ఇంటికెళ్ళి ఆలోసించాను. పాపం, ఈ బాబు మాట అబద్ధం కాకూడదు, మా ఈధిలో ఒకర్తి మానీయాల, మానీడానికి నా కంటే కాళీగా ఎవలున్నారు అనుకున్నాను. మంగళారం నుంచి ముట్టుకోనేదు. ఇయ్యాల్టికి ఇరవై అయిదు రోజులు. నోరు లాగితే ఎండు ఉసిరిముక్క ఏసుకునీదాన్ని."

"ఒక్క ముక్కయినా నాతో చెప్పలేదే!"

"సెప్పడానికి నువ్వు కాళీగా ఉంటే గదా బాబూ. ఆడోళ్ళ నోళ్ళు వాసన సూసుకుంటన్నావు."

ముందు వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. అప్పలకొండమ్మ వాళ్ళ వైపు తిరిగింది.

"నవ్వకండే! మీరు శాలువా కోసం మానీసారని బాబు అనుకుంటన్నాడు. నోరు లాగుతుంటే పొగాకు ముందేసుకుని కూకోడం నా వల్ల కానేదు. రెండో వారం నుంచి సుట్టడం ఒగ్గీసాను. సరుకు నేక మానీసారు మీరు!"

"సంతలో కొని సూసాం," అంది కామమ్మ ఒప్పుకుంటున్నట్టు. "ఆ సుట్టలు మా నోళ్ళకి పట్టనేదు."

డాక్టర్ రోజారమణి అప్పటికే లేచింది. అప్పలకొండమ్మని లోపలికి తీసుకెళ్ళి, కుర్చీలో వెనక్కి వాల్చి, లైటు వేసి అంగిలి చూసింది. ఒకసారి చూసి, అద్దం తుడుచుకుని మళ్ళీ చూసింది. దయాసాగర్ గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"పలచబడింది దయా," అంది. "పూర్తిగా పోలేదు. ఇంకా చూస్తూ ఉండాలి. కానీ పలచబడింది."

అతను గోడకి ఆనుకుని, చొక్కా చేతితో కళ్ళు తుడుచుకున్నాడు. ఇరవై అయిదు రోజుల్లో మొదటిసారి ఆకలేసింది.

శాలువా అప్పలకొండమ్మకి కప్పారు. ఫ్లాస్కు ఆమె లోవలక్ష్మి కోడలికి ఇచ్చేసింది. పాలవాడికి తను స్వయంగా బోధపరుస్తానని చెప్పి రాజేశ్వరిగారు గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయింది. చుట్టడం మళ్ళీ ఎప్పుడు మొదలెడతావని అడిగిన ఇద్దరికి అప్పలకొండమ్మ ఉసిరిముక్కలు పెట్టింది.

మన్మథరావుగారు మాత్రం కుర్చీ కదల్లేదు. పదిమంది మానేశారు గనక గది ఉంచొచ్చని రాసేశాడు కానీ, అతని ఫైల్లో ఇంకో ఫారం ఉంది. అలవాటు మానిన ప్రతి మనిషికీ ఎదురుగా, ఏ పద్ధతి పనిచేసిందో ఒక గడిలో టిక్కు పెట్టాలి. తొమ్మిదిమంది సంగతి తేలికగానే తేలింది. సరుకు దొరకలేదు గనక 'పరిసరాల మార్పు' దగ్గర పెట్టేశాడు. పదో పేరు దగ్గర పెన్ను ఆగింది.

"ఏమండీ కౌన్సెలర్‌గారూ," అన్నాడు, "ఈ అప్పలకొండమ్మది ఏ పద్ధతి అంటారు?"

"మరొకరి ఆదర్శం అనలేమండి. ఆ మరొకరు లేరు," అన్నాడు దయాసాగర్.

"బహిరంగ ప్రతిజ్ఞ?"

"ఎవరికీ చెప్పలేదు కదండీ."

"బహుమతి?"

"ఇచ్చేసిందండి."

"మరి?"

"నన్ను చూసి జాలిపడిందండి."

మన్మథరావుగారు ఫారాన్ని అటూ ఇటూ తిప్పి, వెనక పేజీ కూడా చూసి, జాలికి గడి లేకపోవడంతో 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టాడు.